రోజ్ మిల్క్ రంగు మందు

మాది సూళ్లూరుపేట. ముప్పై ఏళ్లుగా బ్లౌజులు కుడుతున్నాను. షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) ఉద్యోగుల ఇళ్లలో ఆడవాళ్లు, టీచరమ్మలు, పెళ్లిళ్ల సీజన్లో చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు, అందరి కొలతలూ నా నోట్‌బుక్కులో ఉంటాయి. ఈ కుట్టుపని సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను రాయబోయే కీమో మందు నా పొట్టలోని గడ్డలతో పాటు నా అరచేతుల మీద కూడా పడింది. ఆ మాట డాక్టరమ్మ చెప్పకపోలేదు. నాకే బుర్రకెక్కలేదు.

2021 చివర్లో పొట్ట ఉబ్బుతుంటే గ్యాస్ అనుకున్నాను. రోజూ నలుగురి నడుము కొలిచే మనిషిని, నా లంగా బొందు బిగుతవుతుంటే ఒళ్లు చేశానులే అని వదిలేశాను. స్కానింగ్‌లో అండాశయం మీద గడ్డ, పొట్టలో నీరు తేలాయి. మా వైపు క్యాన్సర్ అనగానే ఎవరి నోటినుంచైనా ముందు వచ్చే మాట అడయార్. 1954లో ముత్తులక్ష్మీ రెడ్డి గారు మొదలుపెట్టిన ఆ ఇన్‌స్టిట్యూట్ పేరు మా ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. నేను మాత్రం మా అమ్మాయి ఉండే పెరంబూరు నుంచి వెళ్లిరావడానికి వీలుగా చెన్నైలోనే ఇంకో ఆసుపత్రిలో చేరాను. ఆపరేషన్ అయింది. ఆ తర్వాత కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ కలిపి 6 కీమోలు ఇచ్చారు. జుట్టంతా పోయింది. అదెలాగూ మళ్లీ వచ్చింది. వేళ్ల చివర్లు మొద్దుబారిపోయాయి చూడండి, అది మాత్రం పూర్తిగా పోలేదు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు, సూది వేళ్ల మధ్య ఉందో జారిపోయిందో కళ్లతో చూసుకుంటే తప్ప తెలిసేది కాదు.

2024 ఫిబ్రవరిలో, ఈ క్యాన్సర్ జాడ చూసే సీఏ-125 రక్తపరీక్షలో 212 వచ్చింది. 35 లోపు ఉండాలి. స్కాన్ తీస్తే పొట్టలో చిన్న చిన్న గడ్డలు మళ్లీ కనిపించాయి.

డాక్టరమ్మ తమిళావిడ. తెలుగు బాగానే అర్థమవుతుంది, మాట్లాడితే సగం తమిళం దొర్లుతుంది. మాకు ఆ ఇబ్బంది లేదు, తడ దాటితే ఎలాగూ తమిళమే కదా. ఆవిడ చెప్పింది ఇదీ: పాత కీమో అయిపోయి 6 నెలలు దాటాకే జబ్బు తిరిగి వచ్చింది కాబట్టి కార్బోప్లాటిన్ మళ్లీ పనిచేసే అవకాశం బాగుంది. దానికి తోడు పాక్లిటాక్సెల్ మళ్లీ ఇస్తే వేళ్లు ఇంకా మొద్దుబారతాయి. అందుకని ఈసారి దాని బదులు లైపోసోమల్ డాక్సోరూబిసిన్. 4 వారాలకు ఒకసారి, మొత్తం 6 సార్లు.

ఆ రాత్రే మా ఆడపడుచు కొడుకు ఫోన్ చేశాడు. వాడు షార్‌లో కాంట్రాక్టు పని చేస్తాడు, అక్కడ గేటు దగ్గర నిలబడితే చాలు సైంటిస్టు అయిపోయినట్టే వాడికి. "అత్తా, అది నానో మందు! రాకెట్ లాగా గురి చూసి గడ్డ మీదే పడుతుంది. మిగతా ఒంటికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు" అన్నాడు. వాట్సాప్‌లో ఒక వీడియో కూడా పంపాడు. నీలం రంగు రక్తనాళంలో బంగారు బంతులు ఈదుకుంటూ వెళ్లి నల్లటి గడ్డను చుట్టుముడతాయి, గడ్డ పేలిపోతుంది. నేను ఆ వీడియో నాలుగుసార్లు చూశాను. అబద్ధమెందుకు, ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

మర్నాడు డాక్టరమ్మకి ఆ వీడియో చూపిస్తే నవ్వింది. చీటీ వెనక్కి తిప్పి బొమ్మ గీసింది. ఆ చీటీ ఇప్పటికీ నా కొలతల నోట్‌బుక్కులో ఉంది.

ముందు ఒక గుండ్రని బుడగ. లైపోసోమ్ అంటే అదేనట. దాని గోడ కొవ్వు పదార్థంతో రెండు పొరలుగా ఉంటుంది. లోపల డాక్సోరూబిసిన్ అనే అసలు మందు గడ్డకట్టి స్ఫటికంలా కూర్చుని ఉంటుంది. బయట పీఈజీ అనే పోగులు, చీర కొంగుకి కుచ్చుల్లా. ఆ కుచ్చులు నీటిని పట్టుకుని ఉండటం వల్ల లివర్‌లో, ప్లీహంలో కాపలా ఉండే కణాలు ఈ బుడగను పరాయిదని వెంటనే పసిగట్టలేవు. అందుకని రోజుల తరబడి రక్తంలో తిరుగుతుంది. బుడగ అడ్డం కొలత 100 నానోమీటర్ల లోపు. తల వెంట్రుక మందంలో ఇలాంటివి పక్కపక్కన సుమారు వెయ్యి పడతాయట.

"మరి గడ్డ ఎక్కడుందో దానికెలా తెలుసు?" అన్నాను.

"తెలియదమ్మా" అంది. "అది ఎవరినీ వెతకదు. రక్తంతో పాటు పోతూ ఉంటుంది, అంతే."

గడ్డ తొందర తొందరగా పెరుగుతుంది. దానికి తిండి కావాలి కాబట్టి రక్తనాళాలు కూడా తొందరగా పుట్టుకొస్తాయి. ఆ తొందరలో వాటి గోడల్లో సందులు మిగిలిపోతాయి. మామూలు రక్తనాళం గోడలోంచి దూరలేనంత పెద్దదైన ఈ బుడగ, ఆ సందుల్లోంచి జారి గడ్డలోకి పడుతుంది. గడ్డలో మురుగు బయటికి పోయే దారి కూడా సరిగ్గా ఉండదు. పడింది పడినట్టు అక్కడే ఉండి మెల్లగా మందు వదులుతుంది. ఈ సంగతి 1986లో మత్సుమురా, మయేదా అనే జపాన్ వాళ్లిద్దరు కనిపెట్టి చెప్పారట. నాకు ఇది వెంటనే అర్థమైంది. రేపు పెళ్లనగా ఇవాళ రాత్రి గుడ్డ తెచ్చి కుట్టమంటారు చూడండి, ఆ అర్జెంటు బ్లౌజుల్లాంటివన్నమాట గడ్డ నాళాలు. పొడుగు కుట్టు వేసి ఇచ్చేస్తాం. చెయ్యెత్తితే చంక దగ్గర విచ్చుకుంటుంది.

నిజంగా గురి ఉన్న నానో మందులు కూడా ఉన్నాయట. బుడగ మీద ఫోలిక్ యాసిడ్ లాంటిదో, యాంటీబాడీ ముక్కో అతికిస్తే, వాటిని పట్టుకునే కొక్కేలు ఎక్కువగా ఉన్న క్యాన్సర్ కణానికి తగులుకుంటుంది. హుక్కూ కాజా లాగా. అవి చాలా మటుకు ఇంకా పరిశోధనల్లోనే ఉన్నాయనీ, నాకు ఇచ్చేది ఆ రకం కాదనీ డాక్టరమ్మ తేల్చి చెప్పింది. నాకిచ్చే మందు అమెరికాలో 1995లోనే అనుమతి తెచ్చుకున్న పాతకాపు. మా వాడు "లేటెస్ట్ టెక్నాలజీ అత్తా" అన్నది ఇదే!

"మరి బుడగలో పెట్టి ఏం లాభం?" అని అడిగింది మా అమ్మాయి. లాభం గుండెకట. విడి డాక్సోరూబిసిన్ గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది. అందుకని జీవితం మొత్తం మీద ఇంత డోసు దాటకూడదని లెక్క పెట్టుకుంటారు. బుడగలో ఉన్నప్పుడు గుండెలోకి చేరేది తగ్గుతుంది, ఎందుకంటే గుండెలో నాళాల కుట్టు గట్టిది. జుట్టు కూడా అంతగా ఊడదు. అయినా ముందు ఎకో తీశారు, మధ్యలో ఇంకోసారి తీశారు.

చివర్లో డాక్టరమ్మ నా చేతులు పట్టుకుని చూసి, "ఏం పని చేస్తారు?" అని అడిగింది. కుట్టుపని అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, అరచేతులు, అరికాళ్లు జాగ్రత్త అని నాలుగైదు మాటలు చెప్పింది. నేను గుండె, జుట్టు అన్న చోటే ఆగిపోయి ఉన్నాను.

మార్చిలో మొదటి కీమో. ముందురోజు సూళ్లూరుపేట లోకల్ ఎక్కి పెరంబూరు చేరాను. పొద్దున్నే రక్తం ఇచ్చి, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు బాగున్నాయని రిపోర్టు వచ్చాక ఎత్తు, బరువు చూశారు. ఆ రెండింటినీ బట్టి ఒంటి చర్మం ఎంత వైశాల్యం ఉంటుందో లెక్క కట్టి డోసు వేస్తారు. నాది ఒకటిన్నర చదరపు మీటరు. ఒక్కో చదరపు మీటరుకు 30 చొప్పున 45 మిల్లీగ్రాములు. వినగానే నా మనసు, పన్నా ఎంత, ఎన్ని మీటర్ల గుడ్డ అని కొలతల్లోకి పోయింది.

సీసా 20 మిల్లీగ్రాములది. అంటే మూడు సీసాలు కొనాలి, మూడోదాంట్లో 15 మిల్లీగ్రాములు మిగిలిపోతాయి. ఒకసారి తెరిచిన సీసా దాచడానికి లేదు, పారేయాల్సిందే. గుడ్డ మిగిలితే చేతి అంచుకో, చిన్నపిల్ల జాకెట్టుకో వాడే మనిషిని. చీటీ పాడి తెచ్చిన డబ్బుతో కొన్న మందు అలా పోతుంటే ప్రాణం ఉసూరుమంది. పేరున్న విదేశీ కంపెనీదే కొనాలా, మన దేశంలో తయారైంది పర్వాలేదా అని మా అమ్మాయి సందేహపడితే, మందుల షాపాయన చెప్పాడు, 2012లో అమెరికాలోనే ఈ మందుకు కొరత వచ్చి మన సన్ ఫార్మా వాళ్ల లిపోడాక్స్‌ని తెప్పించుకున్నారని. అదే తీసుకున్నాం. థర్మాకోల్ డబ్బాలో ఐస్ జెల్ మధ్య పెట్టి ఇచ్చాడు. ఫ్రిజ్‌లో పెట్టాలి, ఫ్రీజర్లో పెట్టకూడదు, గడ్డకడితే బుడగలు దెబ్బతింటాయని రెండుసార్లు చెప్పాడు.

డే కేర్‌లో వరసగా కుర్చీలు. నా పక్క కుర్చీలో గుమ్మిడిపూండి నుంచి వచ్చిన ముసలాయన, ఆ పక్కన కాలేజీ పిల్ల. సిస్టర్ మలయాళీ. సంచీ తగిలించగానే చూశాను. ఎరుపే, కానీ నెత్తురు ఎరుపు కాదు. పాలు కలిసినట్టు కొంచెం మసకగా, అచ్చం చెన్నైలో షాపుల్లో అమ్మే రోజ్ మిల్క్‌ని నీళ్లతో పలచన చేసినట్టుంది. మనం దేన్నైనా "సెలైన్ ఎక్కిస్తున్నారు" అంటాం కదా, ఇది సెలైన్‌లో కలపరట, గ్లూకోజులోనే కలపాలి. సిస్టర్ ఆ మాట సంచీ మీద చీటీ చూపిస్తూ తోటి సిస్టర్‌తో కూడా ఒకసారి సరిచూయించుకుంది. అలా ఇద్దరు చూడటం నాకు నచ్చింది. మేమూ కత్తెర పెట్టే ముందు కొలత రెండోసారి చూస్తాం.

పది నిమిషాలు కాలేదు. ముందు నడుం పట్టేసింది. వెంటనే మొహమంతా వేడెక్కి, ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టు ఊపిరాడలేదు. "సిస్టర్" అని అరిచానో, అనుకున్నానో గుర్తులేదు. ముసలాయన మాత్రం గట్టిగా అరిచాడు. సిస్టర్ ఒక్క అంగలో వచ్చి మందు ఆపేసింది. ఆక్సిజన్ పెట్టి, ఏవో రెండు ఇంజెక్షన్లు ఇచ్చింది. పావుగంటలో తగ్గిపోయింది. ఇది మందు వల్ల కాదు, బుడగను చూసి ఒళ్లు కంగారుపడటం వల్ల మొదటిసారి కొందరికి ఇలా అవుతుందని డ్యూటీ డాక్టర్ చెప్పాడు. అరగంట ఆగి, చుక్క చుక్కగా మళ్లీ మొదలుపెట్టారు. మా అమ్మాయి వద్దంటుందేమో అనుకున్నాను. అది నా చెయ్యి పట్టుకుని సంచీ వైపే చూస్తూ కూర్చుంది. ఈసారి ఏమీ కాలేదు. తర్వాతి 5 సార్లూ కాలేదు. దాని తర్వాత కార్బోప్లాటిన్ ఎక్కించి సాయంత్రానికి ఇంటికి పంపారు.

ఇంటికొచ్చాక బాత్రూంలో ఎర్రగా పడింది. గుండె గుభేలుమంది. అది మందు రంగేనని ముందే చెప్పారు, చెప్పినా గుభేలుమంటుంది. మర్నాడు అల్లుడు పాపం, వేసవి కదా అని రోజ్ మిల్క్ సీసా తెచ్చి ఇచ్చాడు. ఫ్రిజ్ తలుపు వేసి పక్క గదిలోకి వెళ్లిపోయాను.

మొదటి రెండు కీమోలు ఇలా గడిచాయి. వాంతులు పెద్దగా లేవు. నోట్లో పుళ్లు వచ్చి, చేపల పులుసు చూసి నోరూరినా నాలుక ఒప్పుకోక మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నాను. జుట్టు పలచబడింది, ఊడిపోలేదు. మా వాడు "చూశావా అత్తా, నేను చెప్పలే" అన్నాడు. మేలో ముహూర్తాలు. చేతిలో 40 జాకెట్లు. వేళ్లు మొద్దుగా ఉన్నా అలవాటైపోయింది, కూర్చున్నాను.

మూడో కీమో అయిన పదో రోజు, కత్తెర వేసుకునే బొటనవేలి మొదట్లో ఎర్రగా కమిలింది. కత్తెర ఒరుసుకుందేమో అనుకున్నాను. రెండ్రోజుల్లో అరచెయ్యంతా కందిపోయి, కాలిన చేతిలా మంట. అరికాళ్లలో సరిగ్గా మిషన్ పెడల్ తగిలే చోట వాచింది. నా మిషన్ ఇంకా కాలితో తొక్కేదే. ఇంకో రెండ్రోజులకు బొటనవేలి దగ్గర పొక్కి, తోలు పొరలుగా లేచింది. చెంబు పట్టుకోలేను. నేలమీద కాలు ఆనిస్తే నిప్పుల మీద నడిచినట్టుంది.

చెన్నై పరిగెత్తాం. డాక్టరమ్మ చూడగానే హ్యాండ్-ఫుట్ సిండ్రోమ్ అంది. కోప్పడలేదు, అదే ఇంకా బాధనిపించింది. రక్తంలో రోజుల తరబడి తిరగడమే కదా దీని గొప్ప. ఆ తిరిగే రోజుల్లో ఎక్కడ ఒత్తిడి, రాపిడి, వేడి ఉంటే అక్కడి సన్న నాళాల్లోంచి కూడా కొంచెం కొంచెం జారుతుంది. చెమటతో బయటికి వచ్చి చర్మంలో చేరుతుంది. అరచేతుల్లో, అరికాళ్లలో చెమట గ్రంథులు ఎక్కువ. మే నెల సూళ్లూరుపేటలో, రేకుల షెడ్డులో, రోజుకి ఎనిమిది గంటలు కత్తెర నొక్కుతూ పెడల్ తొక్కుతూ నేనే దాన్ని చేతుల్లోకి, కాళ్లలోకి పిలుచుకున్నానన్నమాట.

అప్పుడు నాకు కోపం వచ్చింది. "అసలు గడ్డలోకి ఎంత పోతుందండీ?" అని అడిగాను. ఆవిడ దాటవేయలేదు. పదేళ్ల పరిశోధనలన్నీ కలిపి 2016లో లెక్కచూస్తే, రకరకాల నానో కణాల్లో గడ్డకు చేరింది మధ్యస్థంగా 0.7 శాతం అని తేలిందట. నూటికి ఒకటి కూడా కాదు! అవి ఎలుకల మీద చేసినవి, మనుషుల్లో ఒక్కొక్కరి గడ్డ ఒక్కోలా ఉంటుంది అని కూడా చెప్పింది. మిగతాదంతా ఎక్కడికి పోతుందంటే, ఎక్కువ భాగం లివర్, ప్లీహం లాగేస్తాయి. కొంచెం నా బొటనవేలికి. "అంత కొంచెం చేరితే పనెలా చేస్తుంది?" అన్నాను. "మీ సీఏ-125 చూడండి" అని కాగితం తిప్పి చూపించింది. 64. ఏమనాలో తెలియక కాగితం మా అమ్మాయికి ఇచ్చాను.

నాలుగో కీమో రెండు వారాలు వెనక్కి జరిపారు. డోసు కూడా తగ్గించి 37 మిల్లీగ్రాములు చేశారు. అంటే రెండు సీసాలతో సరిపోయింది. ఇంత బాధలోనూ ఒక సీసా డబ్బులు మిగిలాయని లోపల చిన్న సంతోషం, సిగ్గు లేకుండా.

ఈసారి సిస్టర్ చెప్పిన ప్రతి మాటా మా అమ్మాయి రాసుకుంది. మందు ఎక్కినప్పటి నుంచి వారం రోజులు వేణ్ణీళ్లు తగలకూడదు, స్నానానికి కూడా. గిన్నెలు తోమకూడదు. బిగుతు చెప్పులు, బిగుతు గాజులు వద్దు. ఎక్కువ దూరం నడవకూడదు. యూరియా ఉన్న క్రీమ్ రాయాలి, కానీ రుద్దకూడదు. శుక్రవారం భజనలో చప్పట్లు కూడా కొట్టకూడదంది! మందు ఎక్కుతున్నంతసేపూ రెండు చేతుల్లో గుడ్డ చుట్టిన ఐస్ ప్యాక్‌లు పట్టుకున్నాను. చల్లదనానికి నాళాలు ముడుచుకుని అటు మందు తక్కువ పోతుందని. అంతసేపు ఐస్ పట్టుకోవడం కూడా చిన్న శిక్షేమీ కాదు. గుమ్మిడిపూండి ముసలాయన చూసి, "ఏమ్మా, చేపల బేరమా?" అన్నాడు. ఆ డే కేర్ గదిలో నేను నవ్వడం అదే మొదటిసారి.

కుట్టుపని మాత్రం ఆపేశాను. తీసుకున్న జాకెట్లు సగం తిరిగిచ్చేశాను. ముప్పై ఏళ్లలో గుడ్డ కత్తిరించకుండా వెనక్కి పంపడం ఎప్పుడూ లేదు. ఒకావిడ మొహం మాడ్చుకుని వెళ్లిపోయింది. టీచరమ్మ ఒకావిడ మాత్రం గుడ్డలు నా దగ్గరే వదిలేసి, "నువ్వు కుట్టినప్పుడే కట్టుకుంటాను" అంది.

సెప్టెంబరులో ఆరోది అయిపోయింది. చేతులు మళ్లీ ఎర్రబడ్డాయి గానీ పొక్కలేదు. సీఏ-125 19కి దిగింది. స్కాన్‌లో ఒక గడ్డ కనిపించడం లేదు, రెండోది బాగా చిన్నదైంది, మూడోది కొంచెం తగ్గింది. ఒకే మందు, ఒకే రక్తం, ఒకదాన్ని తుడిచేసి ఇంకోదాన్ని ఎందుకు వదిలేసిందని అడిగితే, అన్ని గడ్డల నాళాలూ ఒకేలా చిరిగి ఉండవు కదా అంది డాక్టరమ్మ. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోమంది. ఎకోలో గుండె మొదట ఎలా ఉందో అలాగే ఉంది.

దసరాకి ఆ టీచరమ్మ జాకెట్లు రెండు కుట్టాను. మిషన్‌కి మోటారు పెట్టించాను, ఇప్పుడు కాలితో తొక్కే పని లేదు. కత్తెర పిడికి లోపల పాత చీర ముక్క చుట్టాను. అయినా దళసరి గుడ్డ వస్తే మా దగ్గర పనిచేసే పిల్లే కత్తిరిస్తుంది, నేను చాక్‌తో గీసి పక్కన నిలబడతాను. నిన్న అది చంక వంపు దగ్గర అర అంగుళం ఎక్కువ లాగేసింది. చూస్తూ ఊరుకోలేక కత్తెర లాక్కున్నాను.